యుద్ధకాలపు సంగీత రంగశాలలు

సినిమా చూడబోయిన వారికి చిత్రము ముగియగానే దీపములు మారి, వేదిక ముందరి గోతిలో నుండి పదునైదుగురు వాద్యకారులు వాయించుచునే మెల్లమెల్లగా పైకి లేచి వచ్చినచో ఎంత యాశ్చర్యము కలుగును! ఒకే టికెట్టుపై చలనచిత్రమును, దాని వెంట సంగీతమును, నృత్యమును, హాస్యమును ప్రత్యక్షముగా చూపు ఆచారము ఒకప్పుడు అమెరికా సంయుక్త రాష్ట్రముల పెద్ద నగరములలో ఉండెడిది. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా పాల్గొనిన కాలములో, అనగా 1941 చివరి నుండి 1945 వరకు, ఆ యాచారము మిక్కిలి వృద్ధి నొందెను.

ఆ రంగస్థలములు దేశములోని మేలైన సంగీతమును కర్మాగారములలో పనిచేయువారికి, సైనికులకు, బడిపిల్లలకు కొద్దిపాటి నాణెములకే అందించినవి. కాని వాని ద్వారములు అందరికిని ఒకే విధముగా తెరువబడలేదు. ఈ రెండు సంగతులను కలిపి తెలిసికొన్నప్పుడే ఆ కాలపు వృత్తాంతము పూర్తిగా బోధపడును.

ఈ యాచారము ఒక్కనాట పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగము నుండి అమెరికాలో ‘వాడెవిల్’ అను వినోద ప్రదర్శనములు ప్రసిద్ధి నొందెను. మన తిరునాళ్ళలో ఒకే రాత్రి, ఒకే పందిరి క్రింద హరికథ, బుర్రకథ, గారడీ, కోలాటము ఒకదాని వెంట నొకటి జరిగినచో ఎట్లుండునో, వాడెవిల్ ఇంచుమించుగా అట్లే యుండెడిది. ఒకరు పాడుదురు, ఒకరు బంతులెగురవేసి పట్టుకొందురు, ఇద్దరు హాస్యగాండ్రు ఒకరినొకరు వేళాకోళము చేయుదురు, మరియొకరు చెప్పులకు లోహపు ముక్కలు తాపించుకొని చప్పుడు చేయుచు నాట్యమాడుదురు. ఈ ప్రదర్శనములన్నిటిని కలుపు కథ యేదియు లేదు. ఎవరి విద్య వారిది.

1920 తరువాత అమెరికా నగరములలో రాజభవనములను తలపించు సినిమాశాలలు వెలసినవి. అప్పటి చిత్రములకు మాటలు లేవు. కనుక ప్రతి పెద్ద శాలలోను వాద్యకారులు కూర్చుండి, తెరమీది కథకు తగినట్లు సంగీతమును సమకూర్చెడివారు. చిత్రమునకు ముందును వెనుకను చిన్న చిన్న రంగప్రదర్శనములును జరుగుచుండెను. 1927లో మాటలాడు చిత్రములు వచ్చి విజయము నొందగానే ఈ పద్ధతి తలక్రిందులయ్యెను. సంగీతము చిత్రములోనే యుండుటచేత వాద్యకారుల యవసరము లేకపోయెను. వేలకొలది సంగీతజ్ఞులు జీవనోపాధిని గోల్పోయిరి. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యము వాడెవిల్‌ను మరింత క్రుంగదీసెను. పెద్ద పెద్ద వేదికలు మాత్రము ఆ శాలలలో అట్లే నిలిచియుండెను.

ఆ వేదికలకు మరల ప్రాణము పోసినది రేడియో యనవచ్చును. 1930 తరువాత నృత్యసంగీతము వాయించు పెద్ద బ్యాండు మేళములు రేడియో మూలమున దేశమంతట వినబడసాగెను. ఆ మేళములు ఖరీదైన హోటళ్ళలోను, నృత్యశాలలలోను వాయించుచుండెను. అచ్చటికి పోవుటకు సామాన్యులకు, ముఖ్యముగా చదువుకొను పిల్లలకు, ధనము చాలదు. చెవులతో మాత్రమే విన్న వారిని కన్నులార చూడవలెనను కోరిక వారిలో పెరిగెను. న్యూయార్కు నగరమున టైమ్స్ స్క్వేర్ కడనున్న పారమౌంట్ థియేటరు వారు ఈ కోరికను గుర్తించిరి. ఆ శాల 1926 నవంబరు 19వ తేదీన ప్రారంభింపబడినది. అందు సుమారు 3,600 మంది కూర్చుండవచ్చును. 1935 చివర నుండి ఆ శాలవారు చలనచిత్రముతో పాటు పేరుపొందిన బ్యాండు మేళమును ముఖ్యాకర్షణగా ఏర్పాటు చేయసాగిరి. పాటకులు, నర్తకులు, హాస్యగాండ్రు ఆ మేళము చుట్టును చేరిరి. పాత వాడెవిల్ ఈ విధముగా క్రొత్త రూపము దాల్చెను.

ఈ పెద్ద మేళమున సాధారణముగా పదునైదుగురు మొదలు పదునేడుగురు వరకు ఉండెడివారు. నలుగురైదుగురు శాక్సఫోనులు, ముగ్గురు నలుగురు ట్రంపెట్లు, మరి ముగ్గురు నలుగురు ట్రాంబోనులు ఊదుదురు. పియానో, గిటారు, పెద్ద బాస్ తంత్రీవాద్యము, డ్రమ్ములు లయను నిలుపును. అందరును వ్రాసియుంచిన స్వరములను బట్టి కలిసి వాయింతురు. నడుమ నడుమ ఒక్కొక్కరు లేచి, తమ ఊహను బట్టి అప్పటికప్పుడు కల్పించి వాయింతురు. మన గాయకులు మనోధర్మమని చెప్పుదానికి ఇది దూరపు చుట్టము. ఈ సంగీతమునకు ‘స్వింగ్’ అని పేరు. దీనికి మూలమైన జాజ్ సంగీతము అమెరికాలోని నల్లజాతివారి నుండి పుట్టినది. తెల్లజాతివాడైన బెన్నీ గుడ్‌మన్ మేళమునకు కీర్తి తెచ్చిన స్వరరచనలలో పెక్కింటిని కూర్చినవాడు ఫ్లెచర్ హెండర్సన్ అను నల్లజాతి సంగీతజ్ఞుడు. ఈ విషయము ముందు చెప్పబోవు సంగతులకు ముఖ్యమైనది.

1937 మార్చి 3వ తేదీన గుడ్‌మన్ మేళము పారమౌంట్‌లో మొదటి పర్యాయము వాయించెను. ఆ యుదయము తెల్లవారక మునుపే బాలబాలికలు టికెట్ల కొరకు బారులు తీరిరి. మేళము పైకి లేచి వచ్చి వాయింపసాగగానే పలువురు పిల్లలు ఆసనములను విడిచి, నడవలలోనే నృత్యము చేయసాగిరి. నృత్యశాలకు పోలేని పిల్లలు సినిమాశాలనే నృత్యశాలగా చేసికొనిరి. నాటి నుండి దేశములోని పెద్ద శాలలు పారమౌంట్ మార్గము ననుసరించెను. న్యూయార్కులో స్ట్రాండ్, కాపిటల్ శాలలును, ఫిలడెల్ఫియాలో ఎర్ల్ శాలయు, మరి యనేక నగరములలోని శాలలును మేళములను రప్పించుటలో పోటీపడసాగినవి.

1941 డిసెంబరు 7వ తేదీన జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేయుటతో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. విమానములు, ఓడలు, ఆయుధములు తయారుచేయు కర్మాగారములు రేయింబవళ్ళు మూడు వంతులుగా పనిచేయసాగెను. మాంద్యకాలమున పని లేక అలమటించినవారికి ఇప్పుడు చేతినిండ పని, జీతము దొరకెను. కాని కొనుటకు వస్తువులు లేవు. 1942 ఫిబ్రవరి నాటికి సామాన్యుల కొరకు కార్లు చేయుట నిలిచిపోయెను. పంచదార, పెట్రోలు, టైర్లు రేషను క్రిందికి వచ్చెను. చేతిలోని సొమ్మును వెచ్చించుటకు మిగిలిన కొద్ది మార్గములలో సినిమా ఒకటి. ఆ కాలమున వారమునకు ఎనిమిది కోట్లకు పైగా సినిమా టికెట్లు అమ్ముడుపోయెనని అంచనా. అర్ధరాత్రి పని ముగించి వచ్చువారి కొరకు పెక్కు శాలలు తెల్లవారుజాము వరకు తెరచియుంచబడెను.

పెద్ద శాలలో ఒక దినచర్య ఇట్లుండెడిది. ఉదయము తొమ్మిది పది గంటలకే ద్వారములు తెరచెదరు. ప్రొద్దుటి ఆటకు టికెట్టు వెల తక్కువ. మొదట చిత్రము, వార్తాచిత్రము చూపుదురు. తరువాత సుమారు ముప్పాతిక గంట మొదలు గంట వరకు రంగప్రదర్శనము జరుగును. అది ముగియగానే మరల చిత్రము మొదలగును. ఇట్లు దినమునకు ఐదారు పర్యాయములు, రద్దీ హెచ్చుగా నున్న దినములలో ఏడు పర్యాయములు కూడ మేళము వేదిక నెక్కవలసి యుండెను. ఉదయమున శాలలో అడుగుపెట్టిన వాద్యకారుడు అర్ధరాత్రి వరకు దానిని దాటిపోవుటకు వీలుండెడిది కాదు. రెండు ప్రదర్శనముల నడుమ వేషము వేసికొను గదిలోనే భోజనము, విశ్రాంతి. ఆరవ పర్యాయము వాయించునప్పుడును మొదటి పర్యాయపు ఉత్సాహమే కనబడవలెను. ఏలయన, ముందు వరుసలో కూర్చున్నవానికి అదియే మొదటి పర్యాయము. శాల ముందరి వసారాలో యుద్ధ ఋణపత్రములు అమ్ముచుండెడివారు.

యుద్ధము ఈ శాలలకు మరియొక విధముగాను తోడ్పడెను. శాంతికాలమున మేళములు బస్సులలో తిరుగుచు, ఒక్కొక్క ఊర ఒక్కొక్క రాత్రి వాయించి జీవించుచుండెడివి. జపాను సేనలు మలయా ప్రాంతము నాక్రమించుటచేత అమెరికాకు రబ్బరు రాక నిలిచిపోయెను. టైర్లు దొరకలేదు. 1942 డిసెంబరు నాటికి దేశమంతట పెట్రోలునకు రేషను విధింపబడెను. బస్సుల రాకపోకలు కష్టమయ్యెను. దిన మొక యూరు తిరుగుట కంటె, ఒకే నగరమున ఒకే శాలలో వారము మొదలు కొన్ని వారముల వరకు నిలిచి వాయించుట మేళములకు క్షేమకరముగా తోచెను.

ఈ కథలో మన దేశమునకును సంబంధము గలదు. ఆనాటి గ్రామఫోను రికార్డులు లక్కతో తయారగుచుండెను. ఛోటానాగపూరు మొదలగు అటవీ ప్రాంతములలో మోదుగు, రేగు మున్నగు చెట్లపై పెరుగు చిన్న పురుగులు స్రవించు పదార్థమే లక్క. దానిని కొమ్మల నుండి గీచి, కడిగి, కరగించి, రేకులుగా చేసి భారతదేశము నుండి విదేశములకు ఎగుమతి చేయుచుండిరి. యుద్ధకాలమున ఓడల రాకపోకలు అపాయకరమయ్యెను. సైనికావసరములకును లక్క కావలసి వచ్చెను. కనుక 1942 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము రికార్డులకు వాడు లక్కను నూటికి 70 వంతులు తగ్గించెను. మన అడవులలో కొమ్మలు గీచి లక్క తీసిన కూలివాని శ్రమకును, న్యూయార్కులో పాట వినగోరు పిల్లవాని కోరికకును నడుమ ఇట్టి బంధ మొకటి యుండెను.

అదే సంవత్సరము ఆగస్టు 1వ తేదీ నుండి సంగీతజ్ఞుల సంఘము రికార్డులకు వాయించుటను మానివేసెను. ఆ సంఘమునకు అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో. రేడియో కేంద్రములలోను, ఫలహారశాలలలోని యంత్రములలోను రికార్డులనే మ్రోగించుటచేత ప్రత్యక్షముగా వాయించువారికి పని తగ్గుచున్నదని వారి మొర. 1927లో మాటలాడు చిత్రములు తమ తోటివారిని వీధిపాలు చేసిన సంగతిని వారు మరచియుండలేదు. రికార్డులు అమ్ముడుపోయిన కొలది సంగీతజ్ఞుల సంక్షేమ నిధికి కొంత సొమ్ము చెల్లింపవలెనని వారు కోరిరి. ఈ వివాదము పెద్ద కంపెనీలతో పూర్తిగా పరిష్కారమగుటకు 1944 నవంబరు వరకు పట్టెను. క్రొత్త రికార్డులు రాని ఆ కాలమున మేళముల క్రొత్త పాటలు వినవలెనన్న రేడియో దగ్గర కూర్చుండుటయో, శాలకు పోవుటయో తప్ప వేరు మార్గము లేదు.

అయితే శాలలను నింపిన యుద్ధమే మేళములను ఖాళీ చేయసాగెను. వాద్యకారులలో యువకు లనేకులు సైన్యమునకు పిలువబడిరి. పిలుపు రాకున్నను తనంతట తాను పోయినవారిలో గ్లెన్ మిల్లర్ సుప్రసిద్ధుడు. ఆయన మేళము దేశమున అగ్రస్థానమున నుండెను. ఆదాయమును మిక్కుటముగా నుండెను. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరములు. సైన్యములో చేరవలెనని ఆయనపై నిర్బంధము లేదు. అయినను సైనికులకు తన సంగీతము తోడుగా నుండవలెనని ఆయన తానే దరఖాస్తు పెట్టుకొనెను. 1942 సెప్టెంబరు 27వ తేదీన న్యూజెర్సీలోని పసేయిక్ పట్టణమున సెంట్రల్ థియేటరు అను సినిమాశాలలో ఆయన మేళము కడసారి వాయించెను. ఆనాడు వేదికపై గల గాయకులు, ఎదుటనున్న శ్రోతలు కంట తడి పెట్టిరని చెప్పుదురు. తరువాత ఆయన సైనిక వాయుదళపు మేళమును నడపి, 1944లో ఇంగ్లండున అమెరికా సైనికులకు పెక్కు కచేరీలు చేసెను. ఆ యేడు డిసెంబరు 15వ తేదీన పారిసుకు బయలుదేరిన చిన్న విమానము ఇంగ్లీషు ఛానెల్ మీదుగా పోవుచు కనబడకుండ పోయెను. అందున్న మిల్లర్ జాడ మరల తెలియలేదు. నాయకుడు లేకున్నను ఆయన మేళము పారిసులో సైనికులకు వాయించి, ఆయన కోరిన కార్యమును నెరవేర్చెను.

వాద్యకారులు తరిగిపోవుచుండగా పాటకుల ప్రాధాన్యము పెరిగెను. 1942 డిసెంబరు 30వ తేదీన పారమౌంట్‌లో గుడ్‌మన్ మేళముతో పాటు ఫ్రాంక్ సినాట్రా అను 27 సంవత్సరముల యువకుడు వేదిక నెక్కెను. ముఖ్యాకర్షణ గుడ్‌మన్, సినాట్రా అదనపు ఆకర్షణ మాత్రమే. కాని ఆయన వేదికపై కనబడగానే శాలలోని బాలికలు వేసిన కేకలకు మేళమువారు నివ్వెరపోయిరి. అన్నలు, స్నేహితులు దూరదేశములలో యుద్ధము చేయుచుండగా, ఒంటరులైన ఆ పిల్లలకు మెల్లగా, దగ్గరగా కూర్చుండి మాటలాడునట్లు పాడు ఆ గొంతు ఊరట నిచ్చెను. ఆ కేకలలో కొన్నింటిని ప్రచారకులు సొమ్మిచ్చి వేయించిన మాటయు నిజమే. తక్కినవాని కెవరును సొమ్మీయలేదు. 1944 అక్టోబరు 12వ తేదీన ఆయన మరల అచ్చటనే పాడినప్పుడు, లోపల కూర్చున్నవారు ప్రదర్శనము ముగిసినను లేవలేదు. ఒక టికెట్టుతో ఎన్ని ఆటలైనను చూడవచ్చుననుట ఆ శాల పద్ధతి. వెలుపల వేచియున్న వేలకొలది పిల్లలు ఆగ్రహించి టికెట్ల గదిని, సమీపమందలి అంగళ్ళ అద్దములను పగులగొట్టిరి. వందలకొలది పోలీసులు వచ్చి వారిని అదుపు చేయవలసి వచ్చెను.

ఇంతవరకు చెప్పినది ఆ శాలల వెలుగు. వాని నీడను గూర్చియు చెప్పవలెను. ఆ కాలమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారిని తెల్లజాతివారి నుండి వేరు చేయు శాసనములు అమలులో నుండెను. సినిమాశాలలో నల్లజాతివాడు ప్రక్కదారిని మెట్లెక్కి, అన్నిటికంటె పైనున్న మేడ వరుసలలోనే కూర్చుండవలెను. కొన్ని శాలలలో వానికి ప్రవేశమే లేదు. ఉత్తర నగరములలో అట్టి శాసనములు లేకున్నను, పనియిచ్చునప్పుడును, బస చూపునప్పుడును భేదము పాటింపబడుచుండెను. డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ వంటి నల్లజాతి నాయకుల మేళములకు జనులు కరతాళధ్వనులు చేసెడివారు. వేదిక దిగిన తరువాత ఆ వాద్యకారులకే అనేక పట్టణములలో హోటలులో గది దొరకెడిది కాదు. వారి సంగీతము ముందు ద్వారమున ప్రవేశించెను. వారు మాత్రము వెనుక ద్వారమున రావలసి యుండెను.

ఇట్టి పరిస్థితులలో నల్లజాతివారు తమకు స్వాగతమిచ్చు రంగశాలలను ప్రాణప్రదముగా చూచుకొనిరి. న్యూయార్కులోని హార్లెం పేటలోని అపోలో థియేటరు అట్టివానిలో ముఖ్యమైనది. ఆ భవనములోని పూర్వపు శాల నల్లజాతి ప్రేక్షకులను రానిచ్చెడిది కాదు. 1934లో యాజమాన్యము మారి, అపోలో అను పేరుతో అందరికిని తెరువబడెను. అచ్చట క్రొత్తవారికి పాడుటకు అవకాశమిచ్చు పోటీ వారమునకొక రాత్రి జరుగుచుండెను. 1934 నవంబరులో 17 సంవత్సరముల బీదబాలిక యొకతె ఆ పోటీలో గెలిచెను. ఆమెయే తరువాత జగత్ప్రసిద్ధి నొందిన ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్. వాషింగ్టనులో హోవర్డ్, చికాగోలో రీగల్ శాలలును ఇట్టివే. ఈ శాలల ప్రేక్షకులు మెచ్చుకొనుటలో ఉదారులు, తప్పు పట్టుటలో కఠినులు. వారి యెదుట నిలిచి మెప్పు పొందినవాడు మరెచ్చటనైనను నిలువగలడని వాద్యకారులు భావించిరి.

ఈ వేదికలపై వాయించిన మేళములలో ఒకదాని చరిత్ర ప్రత్యేకముగా తెలిసికొనదగినది. మిసిసిపీ రాష్ట్రమున పైనీ వుడ్స్ అను గ్రామీణ పాఠశాల కలదు. లారెన్స్ జోన్స్ అను విద్యావంతుడు నల్లజాతి బీదపిల్లల కొరకు 1909లో దానిని స్థాపించెను. పాఠశాలకు ధనము సమకూర్చుటకై 1937 ప్రాంతమున అచ్చటి బాలికలతో ఒక బ్యాండు మేళము ఏర్పాటు చేయబడెను. వివిధ జాతుల వంశములకు చెందిన బాలిక లందుండుటచేత దానికి ‘ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్’ అని పేరు పెట్టిరి. 1941లో ఆ యువతులు పాఠశాల నుండి విడిపోయి స్వతంత్రముగా వాయింపసాగిరి. పురుషుల మేళములు యుద్ధముచేత పలుచబడుచున్న ఆ రోజులలో వీరు అపోలో, హోవర్డ్, రీగల్ శాలలను నింపివేసిరి. స్త్రీలు ట్రంపెట్టు ఊదలేరనియు, డ్రమ్ములు వాయింపలేరనియు అనుకొనువారు వీరిని విని ఆ మాటను వెనుకకు తీసికొనవలసి వచ్చెను.

1943 నుండి కొందరు తెల్లజాతి యువతులును ఈ మేళమున చేరిరి. దక్షిణ రాష్ట్రములలో రెండు జాతులవారు కలిసి వాయించుట, కలిసి ప్రయాణించుట, ఒకేచోట భుజించుట చట్టవిరుద్ధము. పోలీసులు వచ్చినప్పుడు తెల్లజాతి యువతులు ముఖమునకు ముదురు రంగు పూసికొని, తామును నల్లజాతివారమే యని చెప్పుకొనెడివారు. ఒకమారు వారిలో ఒకతె పట్టుబడి చెరసాలకు పోయెను. హోటళ్ళు గదు లీయనందున ఆ మేళమంతయు తమ బస్సులోనే పరుండి, అందే తినుచు వేల మైళ్ళు ప్రయాణము చేసెను. యుద్ధము ముగిసిన 1945లో, నల్లజాతి సైనికులు వ్రాసిన ఉత్తరముల ఫలితముగా, వారు ఫ్రాన్సు, జర్మనీ దేశములకు పోయి సైనికులకు వాయించిరి. జాతిగర్వముతో లోకమును దహించిన నాజీ ప్రభుత్వమును జయించిన అమెరికా సైన్యములోనే నల్లవారికి, తెల్లవారికి వేర్వేరు దళము లుండుట నాటి విచిత్రము. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తరువు వెలువడు వరకు ఆ భేదము తొలగింపవలెనను ఆజ్ఞయే లేదు.

యుద్ధము ముగిసిన తరువాత రంగశాలల వైభవము త్వరగా తగ్గిపోయెను. పనివారు ఊళ్ళు మారిరి. యువకులు తిరిగివచ్చి వివాహములు చేసికొని నగరముల వెలుపల ఇండ్లు కట్టుకొనిరి. వాద్యకారుల జీతములు, ప్రయాణపు ఖర్చులు పెరిగెను. నృత్యము జరుగు వినోదశాలలపై 1944లో విధింపబడిన పన్ను యుద్ధము తరువాతను కొనసాగెను. శాలల నడుమ కాలమున మేళములను పోషించునవి ఆ నృత్యశాలలే కనుక, అవి క్షీణింపగా మేళములును క్షీణించెను. శ్రోతలకు మేళము కంటె పాటకులు ప్రియమైరి. 1946 డిసెంబరు నెలలోనే గుడ్‌మన్, టామీ డార్సీ, హ్యారీ జేమ్స్, వుడీ హెర్మన్ మొదలగు ఎనిమిదిమంది నాయకులు తమ మేళములను రద్దు చేసిరి. 1948 తరువాత ఇంటింట టెలివిజను ప్రవేశించెను. హాస్యగాండ్రు, గారడీవారు ఆ పెట్టెలోనికి పోయిరి. 1950 తరువాత కొద్ది సంవత్సరములలో పెక్కు సినిమాశాలలు రంగప్రదర్శనములను మానివేసెను. చిత్రముతో పాటు రంగప్రదర్శనమును విడువక నడపిన రేడియో సిటీ మ్యూజిక్ హాలు సయితము 1979లో ఆ పద్ధతిని విరమించెను.

పారమౌంట్ శాల 1964లో మూతపడెను. వేలమంది పిల్లలు నృత్యమాడిన ఆ నడవలున్నచోట తరువాత కార్యాలయములు వెలసెను. అదే 1964 జులై 2వ తేదీన అమెరికాలో పౌరహక్కుల చట్టము అమలులోనికి వచ్చెను. సినిమాశాలలలోను, హోటళ్ళలోను, భోజనశాలలలోను జాతిభేదము పాటించుట ఆ చట్టముచే నిషేధింపబడెను. ఏ ద్వారమున ప్రవేశింపవలెనో, ఏ వరుసలో కూర్చుండవలెనో చర్మపు రంగును బట్టి నిర్ణయించు అధికారము శాల యజమానికి ఇక లేదు. కాని అప్పటికి మేళములు వాయించిన ఆ వేదికలలో పెక్కు చీకటిపడి యుండెను.

అయినను ఆ వేదికల శ్రమ వ్యర్థము కాలేదు. అపోలో థియేటరు ఇప్పటికిని నిలిచియున్నది. అచ్చట క్రొత్తవారి పోటీ నేటికిని జరుగుచున్నది. పాడుబడిన హోవర్డ్ శాల 2012లో మరమ్మతు పొంది మరల తెరువబడెను. యుద్ధభయముతో దినములు గడుపుచున్నవారికి ఆ శాలలు కొద్ది వెలకు ఒక గంట ఆనందమును పంచిపెట్టినవి. ఒకే లయకు క్రింది వరుసవాని పాదమును, మేడపై వరుసవాని పాదమును కదలెను. ఆ యిరువురిని ఒకే వరుసలో కూర్చుండబెట్టుటకు మాత్రము సంగీత మొక్కటియే చాలలేదు. అందుకు బస్సులో పరుండి, పోలీసులకు వెరువక కలిసి వాయించిన ఆ యువతుల వంటివారి ధైర్యము కావలసి వచ్చెను. న్యాయమైన చట్టమును కావలసి వచ్చెను.